వణికేది దయ్యం కాదు

తిరుత్తణి, పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపు తెలుగు సంఘాల్లో మూడు మాటలు పాతుకుపోయాయి. తాగుడు దయ్యం పనట. నిజంగా రక్షణ పొందినవాడికి ఒక్క రాత్రి ప్రార్థనతో విడుదల వచ్చి తీరాలట. మానేశాక ఒళ్ళు వణికితే అది దయ్యం వదిలిపోతున్న గుర్తట! మొదటి రెండింటి మీద వాదించుకోవచ్చు. మూడోది మాత్రం మనిషిని చంపుతుంది.

ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే మెదడు అదుపు తప్పుతుంది. కొన్ని గంటల్లోనే చెమటలు, వణుకు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి డెలీరియం ట్రెమెన్స్ పట్టుకుంటుంది. టీ గ్లాసు చేతిలో నిలవదు. దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతుంటాడు. కట్టుకున్నదాన్నే గుర్తుపట్టడు. చుట్టూ చేరినవాళ్ళేమో 'వెళ్ళిపో' అని గొంతు పెంచుతారు. దయ్యమే అయితే డయాజిపామ్ అనే మందుకు ఎందుకు లొంగుతుంది? దాంతోపాటు బి1 విటమిన్ ఇంజెక్షన్ కూడా కావాలి. అలాంటివాడి చేత ఉపవాసం చేయించడం మరీ ఘోరం.

'విశ్వాసముంటే ఆసుపత్రి ఎందుకు' అనేవాళ్ళు పౌలు వెంట లూకా అనే వైద్యుడు ఎందుకున్నాడో చెప్పాలి. కడుపు జబ్బుకు కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని తిమోతికి రాసింది కూడా పౌలే (అది పట్టుకుని టాస్మాక్ మందు దుకాణానికి బయలుదేరకండి). మేలు చేద్దామనుకుంటే కీడే చేస్తున్నానని రోమా పత్రిక 7వ అధ్యాయంలో మొత్తుకున్నదీ ఆయనే. ఆయనకూ దయ్యం పట్టిందంటారా?

మళ్ళీ తాగాలని శోధన రావడమే పాపమైతే, అరణ్యంలో యేసుకు శోధన ఎందుకొచ్చింది? రక్షణ పొందినవాడు మళ్ళీ తప్పు చేయడంటారా, పెంతెకొస్తు దాటాక కూడా పేతురు అంతియొకయలో పౌలు చేత చీవాట్లు తిన్నాడు.

ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పదు. సంఘంలో చేరి తాగుడు మానినవాళ్ళు ఉన్నారు. ఆసుపత్రి వణుకు తగ్గిస్తుంది గానీ, కూలి డబ్బు చేతికొచ్చిన సాయంత్రం పక్కన నడవదు. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా, తప్పులు ఒకరితో ఒకరు ఒప్పుకునే పద్ధతిని ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ ఉద్యమం నుంచే తెచ్చుకుంది. కానీ మళ్ళీ తాగినవాణ్ణి మైకులో పేరు పెట్టి తిడితే వాడు మానడు, చాటుగా తాగుతాడు.

కాబట్టి అయ్యగార్లూ, ప్రార్థన చేయండి, ఆసుపత్రికి వెళ్ళే ఆటోలో చేయండి. ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మాన్పించే చికిత్సకు వెల్లూరు సీఎంసీ ఉంది, అరక్కోణం మీదుగా రైల్లో కాట్పాడి దిగితే చాలు. 1900లో దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడర్ మిషనరీయే, నాస్తికురాలు కాదు. ఇంట్లో ఆడవాళ్ళు ముందు సలహా అడగాలనుకుంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు 14416లో ఫోన్ చేయవచ్చు, ఉచితం. డాక్టరు దగ్గర మాత్రం రోజుకెంత తాగుతాడో, ఆఖరిసారి ఎప్పుడు తాగాడో ఉన్నదున్నట్టు చెప్పండి. సంఘం పరువు కోసం 'మానేసి ఏడాదైంది' అంటే వైద్యమే దారి తప్పుతుంది.