నెత్తిన నిప్పుల కొలిమి.. సున్నమే చలువ గొడుగు

రెంటచింతల: పొద్దు గూకి మూడు గంటలు గడిచినా పల్నాడు పల్లెల్లో వేసవి రాత్రుల్లో ఇంట్లో నిద్రించే వారు తక్కువ. వాకిళ్లలో, అరుగులపై, డాబాల మీద మంచాలు వెలుస్తాయి. బయట గాలి కాస్త చల్లబడినా గదిలో ఉక్క తగ్గదు. ఫ్యాను వేస్తే పైనుంచి వేడి గాలే ముఖాన కొడుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాని ఈ ప్రాంతంలో ఏటా కనిపించే దృశ్యమిది.

అయితే ఆరుబయట పడుకునే వీలు అందరికీ ఉండదు. మంచం పట్టిన వృద్ధులు, బాలింతలు, పసిపిల్లలు రాత్రంతా ఆ గదిలోనే గడపాలి. వడదెబ్బ ఎండలో తిరిగిన వారికే తగులుతుందన్న నమ్మకం ఊళ్లలో బలంగా ఉంది. పగలంతా వేడెక్కిన శరీరానికి రాత్రయినా చల్లదనం దొరకకపోతే నీడపట్టున ఉన్న వారికీ ప్రాణాపాయమే. 2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా, 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి అంతకు మించి వడగాడ్పులకు బలయ్యారు.

పగలు ఎండ.. రాత్రి సెగ

వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఎండ గోడల కంటే పైకప్పుపైనే నిటారుగా పడుతుంది. ఒకే అంతస్తు ఉన్న ఇళ్లలో ఆ భారమంతా పడకగదిదే. నాలుగైదు అంగుళాల మందం గల సిమెంటు శ్లాబు ఉదయం నుంచి వేడిని పీల్చుకుంటుంది. అది అడుగుభాగానికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం కంటే సాయంత్రం నుంచి అర్ధరాత్రి వరకే గదిలో సెగ ఎక్కువ. నాచు పట్టి నల్లబడిన శ్లాబు పైభాగం 60 డిగ్రీలు దాటి కాలుతుంది. బట్టలు ఆరేయడానికి చెప్పులు లేకుండా డాబా ఎక్కిన వారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రేకుల ఇళ్ల తీరు వేరు. పలుచని రేకు ఎండ తగిలిన కాసేపటికే కాగి, పొద్దు వాలాక త్వరగా చల్లారుతుంది. అక్కడ బాధంతా పగటిపూటే.

పాత పెంకుటిళ్లలో ఈ చిక్కు తక్కువ. గూన పెంకుల సందుల్లో గాలి ఆడుతుంది. పెంకులకూ గదికీ మధ్య అటక ఉంటుంది కనుక వేడి చాలావరకు అక్కడే ఆగుతుంది. అయితే నేడు అనేక ఇళ్లలో అటకలు పాత సామానుతో, గోనె సంచులతో కిక్కిరిసి ఉన్నాయి. పావురాలు, ఎలుకలు వస్తున్నాయని గోడ కొసల్లోని గవాక్షాలను మూసివేశారు. వేడి గాలికి బయటికి పోయే దారి లేక అటక ఆవిరి పొయ్యిలా మారుతోంది. ఎదురెదురుగా ఉన్న రెండు గవాక్షాలను తెరిచి, పిట్టలు దూరకుండా ఇనుప జాలీ బిగిస్తే సరిపోతుంది. దీనికి పెద్ద ఖర్చు కాదు.

పెరటిలోనే మందు

శ్లాబు ఇళ్లకు అన్నిటికంటే చౌకైన ఉపాయం సున్నం. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల, సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల ఒకే జిల్లాలో ఉన్నాయి. అయినా పండుగకు గోడలకు సున్నం వేసే చేతులు డాబా వైపు చూడవు. కొత్తగా వేసిన తెల్లని పూత తనపై పడిన ఎండలో సగానికి పైగా తిప్పికొడుతుంది. ఇంటి లోపల 2 నుంచి 5 డిగ్రీల వరకు తేడా వస్తుందని పలుచోట్ల జరిపిన పరిశీలనల్లో తేలింది. 2017లో అహ్మదాబాద్‌లో మురికివాడల ఇళ్ల పైకప్పులకు సున్నమే పూశారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్నే ప్రకటించింది.

ముందుగా శ్లాబుపై నాచును, మట్టిని గీకి కడగాలి. పగుళ్లుంటే సిమెంటుతో పూడ్చాలి. కాల్చిన రాళ్ల సున్నాన్ని ఒకటి రెండు రోజులు నానబెట్టి, గుడ్డతో వడకట్టి, పట్టు కోసం తుమ్మజిగురు గానీ ఫెవికాల్ గానీ కలపాలి. తడిపిన శ్లాబుపై మొదటి పూత పలుచగా వేసి, ఆరిన తర్వాత ఇంకో రెండు పూతలు వేయాలి. మండుటెండలో వేస్తే పొడిలా రాలిపోతుంది కాబట్టి ఉదయం, సాయంత్రం వేళలే అనువైనవి. రాళ్ల సున్నంపై నీళ్లు పోయగానే సలసల మరుగుతుంది. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ప్లాస్టిక్ డబ్బాల్లో కాక ఇనుప పాత్రలో నానబెట్టాలి. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పనికి దిగరాదు.

వానలకు సున్నం కొట్టుకుపోతుంది కనుక ఏటా ఉగాదికి ముందే మళ్లీ వేయాలి. ఆ శ్రమ వద్దనుకునే వారికి దుకాణాల్లో దొరికే కూల్‌రూఫ్ పెయింట్లు కొన్నేళ్లు మన్నుతాయి. కాకపోతే దుమ్ము పేరుకుంటే వాటి పనితనం తగ్గుతుంది. వేసవి ప్రారంభంలో ఒకసారి కడగడం తప్పనిసరి. తెల్లని పెంకు ముక్కలు పరిపించుకుంటే ఖర్చు ఎక్కువైనా చిరకాలం ఉంటుంది.

చేసే పొరపాట్లు

మధ్యాహ్నం కాగిన శ్లాబుపై బిందెలతో నీళ్లు కుమ్మరించడం చాలాచోట్ల అలవాటు. ఆ నీరు నిమిషాల్లో ఆవిరైపోతుంది. వేడి మీద ఒక్కసారిగా చల్లబడటం వల్ల శ్లాబు పగుళ్లు పెద్దవవుతాయి. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లలో ఇది ఎంతమాత్రం తగదు. నీరు ఉన్నవారు పొద్దు వాలాక తడిగోనెలు పరిస్తే ప్రయోజనం ఉంటుంది.

పైకప్పుపై పత్తి కట్టె, వరిగడ్డి వేసి నీడ చేసుకునే వారూ ఉన్నారు. చల్లదనం మాట నిజమే గానీ, పైన విద్యుత్ తీగలు రాసుకుని ఒక్క నిప్పురవ్వ రాలితే ఇల్లే బుగ్గవుతుంది. అంతకంటే కర్రలు పాతి శ్లాబుకు మూడు నాలుగు అడుగుల ఎత్తున షేడ్‌నెట్ కట్టుకోవడం మేలు. కుండీల్లో బీర, సొర పాదులు వేసి పందిరికి పాకిస్తే నీడకు నీడ, కూరకు కూర.

సిమెంటు రేకులపై సున్నం వేసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడి చీపురుతో, ఇనుప బ్రష్‌తో రుద్దితే లేచే సన్నని పీచు ఊపిరితిత్తులకు చేటు. తడిపి మెత్తగా తుడవాలి. నేరుగా రేకుపై కాలు మోపితే విరిగి కింద పడతారు. దూలాలపై ఆనేలా అడ్డంగా బలమైన చెక్క వేసుకుని దానిపైనే నడవాలి.

అద్దె ఇళ్లలో ఈ పని ఎవరు చేయాలన్నది మరో పేచీ. ఏటా వచ్చే వేసవికి డాబా మీద వాటాలో ఉన్నవారే ఉడికిపోతారు, శ్లాబు మాత్రం యజమానిది. ఒక్క వేసవి కూలరు నడపడానికయ్యే కరెంటు, నీళ్ల ఖర్చుతో సున్నం పని ముగించవచ్చని చెబితే ఒప్పుకునే యజమానులు ఉంటారు. ఒప్పుకోని చోట గది లోపల చేయగలిగింది ఒకటే. పగలు కిటికీలు మూసి, పొద్దు గూకాక ఎదురెదురు కిటికీలు, పైనున్న వెంటిలేటర్లు తెరిచి, పసిబిడ్డను, పెద్దవారిని గాలి ఆడే చోటికి మార్చాలి.