తాత కాలానికి తొవ్వ ఉన్నదా?

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర ఓ హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు డిగ్రీ పిలగాళ్ల పంచాయితీ చెవిన పడింది.

"అరే, వెనక్కి పోయి తాతను చంపిండనుకో. నాయిన పుట్టడు కద. నాయిన లేకపోతే వీడెట్ల పుడ్తడు? వీడే పుట్టకపోతే తాతను ఎవడు చంపిండ్రా?"

"గందుకే కొమ్మ చీలుతదంటున్న. లోకి సిరీస్ చూడలే నువ్వు? ఆ తాత వేరు, మన తాత వేరు."

"అట్లయితే పోయి ఏం ఫాయిదా?"

అక్కడి నుంచి మాట 'కల్కి 2898 ఏడీ' రెండో భాగం మీదికి మళ్లింది. అశ్వత్థామ ఏం చేస్తాడు, భైరవ ఎవరు అని ఎవరి ఊహ వాళ్లు చెప్పుకుంటున్నారు. ఆ సినిమా తీసిన నాగ్ అశ్విన్ సొంతూరు ఐతోలు. మన పాత పాలమూరు జిల్లాలోనిదే, ఇప్పుడు నాగర్‌కర్నూల్ కిందికి వచ్చింది. నేను మాత్రం మొదటి పిలగాడి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. వాళ్లు సినిమా ముచ్చట అనుకుంటున్నారు గానీ, అచ్చంగా అదే ప్రశ్న మీద భౌతిక శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కాగితాలు నింపారు. సినిమాలో ఓ నియమం పెడతారు, ఆ నియమాన్ని ఎక్కడ తెగుతుందో చూసేదాకా లాగుతారు అభిమానులు. శాస్త్రవేత్త చేసేదీ ఆ పనే. కాకపోతే నియమాన్ని ప్రకృతి పెడుతుంది.

ముందు తేలికైన దిక్కు చూద్దాం. భవిష్యత్తులోకి పోవచ్చా? పోవచ్చు. పోయినవాళ్లున్నారు. వాళ్లలో ఒకరి తండ్రి వైపు మూలాలు మహబూబ్‌నగర్‌లోనే ఉన్నాయి. ఆయన నాసా వ్యోమగామి రాజాచారి. 2021 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి, 2022 మే 6న తిరిగొచ్చారు. దాదాపు 177 రోజులు, గంటకు ఇంచుమించు 28 వేల కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరిగారు. దిగివచ్చేసరికి, నేల మీద ఉన్న మనకంటే సెకనులో వెయ్యో వంతులు ఓ నాలుగు తక్కువ వయసు గడిచింది ఆయనకు. అంటే అంత మేర మన భవిష్యత్తులోకి ఆయన దూకినట్టే. రెప్పపాటులో పదో వంతు కూడా కాదు. అయినా అది నిజమైన కాలయానం.

ఎందుకట్లా అవుతుంది? దేవరకొండ రోడ్డు మీద పోయే పల్లెవెలుగు బస్సును ఊహించుకోండి. బస్సులో నేల నుంచి పైకప్పుకు ఓ కాంతి కిరణం ఎగిరి, అద్దానికి తగిలి, మళ్లీ కిందికి వస్తోంది. ఒక రాకపోక ఒక 'టిక్'. బస్సులో కూర్చున్నవాడికి కిరణం నిట్టనిలువునా పోయి వచ్చినట్టు కనిపిస్తుంది. రోడ్డు పక్కన మేకలు కాసుకునే మనిషికి? కిరణం పైకి చేరేలోగా బస్సు ముందుకు జరిగింది కాబట్టి, ఆయన కళ్లకు అది ఏటవాలుగా, ఎక్కువ దూరం పోయినట్టు కనిపిస్తుంది. బంతి అయితే బస్సు వేగం కూడా కలుపుకొని ఆ దూరాన్ని అదే సమయంలో దాటేసేది. కాంతి అట్లా కాదు, ఎవరు చూసినా దాని వేగం ఒక్కటే. దూరం పెరిగింది, వేగం పెరగలేదు. కాబట్టి మేకల కాపరి లెక్కలో బస్సు గడియారపు 'టిక్'కు ఎక్కువసేపు పట్టాలి. 1905లో ఐన్‌స్టీన్ చెప్పింది ఇదే. ఒక్క గడియారమే కాదు, బస్సులోని గుండె చప్పుడు, కడుపులో ఆకలి, అన్నీ అదే తాళంతో నెమ్మదిస్తాయి. అందుకే బస్సులో ఉన్నవాడికి తేడా తెలియదు.

బస్సు వేగానికి ఈ తేడా పట్టుకోలేనంత చిన్నది. మన తల మీద మాత్రం ప్రతి క్షణం పెద్ద ఎత్తునే జరుగుతోంది. విశ్వకిరణాలు గాలిపొరను ఢీకొన్నప్పుడు సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున మ్యువాన్లు అనే కణాలు పుడతాయి. వాటి సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల్లో 2.2 వంతులు మాత్రమే. కాంతి వేగంతో ఉరికినా 660 మీటర్లు దాటకముందే చాలావరకు రాలిపోవాలి. అయినా నేలకు చేరుతున్నాయి. మీ అరచేతి గుండా సెకనుకు ఒకటి చొప్పున దూసుకుపోతున్నాయి. వాటి గడియారం మనకు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టే అంత దూరం వస్తున్నాయి.

గురుత్వం కూడా కాలాన్ని నెమ్మదింపజేస్తుంది. భూమికి దూరంగా పోయిన కొద్దీ గడియారం వేగం పుంజుకుంటుంది. సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహంలో వేగం వల్ల రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబాటు, తక్కువ గురుత్వం వల్ల 45 మైక్రోసెకన్ల ముందంజ. నికరంగా 38 మైక్రోసెకన్లు ముందు. ఈ తేడాను సరిదిద్దకపోతే ఒక్క రోజులోనే ఫోను చూపే చోటు పది కిలోమీటర్ల మేర తప్పుతుంది. నార్కట్‌పల్లిలో ఉన్నవాణ్ని నల్లగొండ దారి మధ్యలో చూపిస్తుంది.

భాగవతం నవమ స్కంధంలో రైవతుడి కథ గుర్తొస్తుంది నాకు. కూతురు రేవతికి వరుణ్ని అడగడానికి ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకానికి పోతాడు. అక్కడ పాట నడుస్తుంటే ముగిసేదాకా ఆగుతాడు. ఆ కాసేపట్లో కింద 27 మహాయుగాలు గడిచిపోతాయి. అనుకున్న వరులు లేరు, వాళ్ల మనవళ్లూ లేరు. తిరిగొచ్చి రేవతిని బలరాముడికి ఇస్తాడు. సాపేక్షతా సిద్ధాంతం మనవాళ్లకు ముందే తెలుసనడానికి ఈ కథను తెచ్చేవాళ్లతో నేను ఏకీభవించను. ఇందులో సమీకరణం లేదు, కొలత లేదు. కానీ కథ కట్టినవాడి ఊహ ఎంత చక్కనిది! కాలం అన్ని చోట్లా ఒక్క తీరున నడవదని, దాటిన కాలానికి తిరుగుదారి లేదని ఆయనకు తోచింది. రైవతుడు వెనక్కి పోయే ప్రయత్నమే చేయడు.

కల్కి సినిమాలో అశ్వత్థామది మరో దారి. కలియుగం మొదలైందని చెప్పే క్రీస్తుపూర్వం 3102 నుంచి క్రీస్తుశకం 2898 దాకా, ఆరు వేల ఏళ్లు, ఒక్కో రోజూ బతుకుతూ వస్తాడు. అదే ఆరు వేల ఏళ్లను ఒక మనిషి తన 30 ఏళ్లలో దాటాలంటే కాంతి వేగంలో దాదాపు 99.999 శాతం వేగంతో ప్రయాణించాలి. సూత్రం అడ్డు చెప్పదు. అడ్డొచ్చేది ఇంధనం.

ఇక వెనక్కి. అసలు పంచాయితీ ఇక్కడే.

సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' 1991 జులై 18న విడుదలైంది. కాలయంత్రం ఎక్కి 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువుకు, అక్కడి నుంచి 2504కు పోయే కథ. 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు, మొదటి విడుదల నాటికి పుట్టని పిల్లలు కూడా పోయి చూశారు. ఆ సినిమా వచ్చిన 1991లోనే కాలంలో వెనక్కి పోవడం మీద భౌతిక శాస్త్ర పత్రికల్లో వరుసగా పరిశోధనలు అచ్చయ్యాయి. దానికి తొలి కారణం ఓ నవలే. 'కాంటాక్ట్' రాస్తున్న కార్ల్ సేగన్, తన నాయికను నక్షత్రాల దాకా పంపే దారి శాస్త్రానికి ఎదురుపోకుండా ఎట్లా చూపాలని మిత్రుడు కిప్ థార్న్‌ను అడిగాడు. థార్న్ ఆలోచన విశ్వంలో రెండు చోట్లను కలిపే సొరంగం, అంటే వర్మ్‌హోల్ మీదికి పోయింది. 1988లో శిష్యులతో కలిసి ఆయన ఇంకో అడుగు వేశాడు. సొరంగం ఒక మూతిని మహావేగంతో తిప్పి తెస్తే ఆ మూతి దగ్గర కాలం వెనకబడుతుంది, రాజాచారికి జరిగినట్టే. అప్పుడు ఆ మూతిలో దూరినవాడు రెండో మూతి నుంచి నిన్నటిలోకి రావచ్చు. సొరంగం మూసుకుపోకుండా నిలబెట్టాలంటే రుణాత్మక శక్తి కావాలి. అంత మోతాదులో అది ఎక్కడ దొరుకుతుందో చూపినవారు లేరు.

మరి తాత సంగతి? రష్యా శాస్త్రవేత్త ఇగోర్ నొవికోవ్ జవాబు సూటిగా ఉంటుంది. తనతో తాను తగువుపడే చరిత్ర జరగదు. థార్న్ బృందం దీన్ని బిలియర్డ్ బంతితో పరీక్షించింది. మనకు క్యారమ్ స్ట్రైకర్ అనుకుంటే సులువు. స్ట్రైకర్ సొరంగంలో దూరి, దూరకముందటి క్షణంలోకి బయటికొచ్చి, తననే కొట్టి పక్కకు నెట్టేసింది. నెట్టేస్తే దూరదు, దూరకపోతే కొట్టదు. ఇది తాత చిక్కుముడే, మనిషి స్వేచ్ఛ గొడవ లేకుండా. లెక్క కడితే ఏం తేలిందంటే, అదే మొదటి విసురుకు చిక్కులేని దారులు కూడా ఉన్నాయి. బయటికొచ్చిన స్ట్రైకర్ నిండుగా కొట్టదు, అంచును రాసుకుంటుంది. ఆ రాపిడికి దారి కొంచెం వంగి, వంకరగానే సొరంగంలో దూరుతుంది. అందుకే బయటికొచ్చేటప్పుడు కూడా వంకరగా వచ్చి అంచునే రాసుకుంటుంది. చుట్టు సరిగ్గా కలిసింది! ఈ ఫలితం కూడా 1991లోదే. తాత మీదికి ఎక్కుపెట్టిన తుపాకీ గురి తప్పుతుంది. బహుశా ఆ తూటా శబ్దానికి బెదిరి ఊరు మారిన తాతకు అక్కడే పెళ్లి కుదురుతుంది.

రెండో పిలగాడు చెప్పిన కొమ్మల మాటకు కూడా పెద్ద తోడే ఉంది. 1957లో హ్యూ ఎవరెట్ బహుళ లోకాల ఆలోచన చెప్పాడు. డేవిడ్ డాయిచ్ దాన్ని కాలయానానికి అన్వయించాడు, మళ్లీ 1991లోనే. వెనక్కి పోయినవాడు చేరేది మరో లోకపు తాత దగ్గరికి. 'ఆ తాత వేరు, మన తాత వేరు' అన్నది అదే. మొదటి పిలగాడు వెంటనే 'ఏం ఫాయిదా' అన్నాడు చూడండి, ఆ మాట నాకు చాలా నచ్చింది. నిజమే, వదిలొచ్చిన లోకంలో పోయినవాళ్లు పోయినట్టే ఉంటారు. నా మొగ్గు నొవికోవ్ వైపే. జరిగింది జరిగిందేనన్న మాటలో ఓ నిజాయితీ ఉంది.

స్టీఫెన్ హాకింగ్ 2009 జూన్ 28న కేంబ్రిడ్జిలో కాలయాత్రికులకు విందు పెట్టి, పిలుపును విందు అయ్యాక బయటపెట్టాడు. ఎవరూ రాలేదు. దాంతో తేలిపోయిందనలేం. థార్న్ సొరంగంలో ఓ షరతు ఉంది. యంత్రం తయారైన రోజుకంటే వెనక్కి పోలేరు. పట్టాలు వేసిన స్టేషన్ దాకే రైలు పోతుంది. ఇప్పటిదాకా ఎవరూ కట్టలేదు కాబట్టి 2009కి వచ్చే బండే లేదు. 1526లో ఎవరో ముందుగా స్టేషన్ కట్టి ఉంటే తప్ప రాయల కొలువుకూ బండి లేదు.

గతాన్ని తాకడానికి బండి లేదు సరే, చూడటానికి?

నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో, నది ఒడ్డున ముడుమాల్ ఉంది. అక్కడి నిలువురాళ్లు మూడున్నర వేల ఏళ్లకు పైబడినవని అంచనా. మనిషికి రెండింతల ఎత్తున్న బండలు, వాటి చుట్టూ చిన్న రాళ్ల వరుసలు. ఊరివాళ్లు నిలువురాళ్ల తిమ్మప్ప అంటారు. ఒక రాతిని ఎల్లమ్మగా కొలుస్తారు. అయనాలు మారే రోజుల్లో సూర్యుడు పొడిచే, కుంకే దిక్కులకు కొన్ని వరుసలు సరిపోతాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె.పి. రావు ఏళ్ల తరబడి ఇక్కడ పనిచేశారు. 2025లో ఈ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఇక్కడే ఒక రాతి మీద ఆనాటి మనుషులు చిన్న గుంటలు తొలిచి సప్తర్షి మండలాన్ని దించారు. వాళ్లు ఆకాశం చూసినప్పుడు ఇప్పటి ధ్రువ నక్షత్రం ధ్రువం దగ్గర లేదు. భూమి అక్షం సుమారు 26 వేల ఏళ్లకోసారి బొంగరంలా చుట్టు తిరుగుతుంది కాబట్టి, అప్పట్లో సప్తర్షులే ఉత్తర ధ్రువానికి ఇప్పటికంటే బాగా దగ్గరగా తిరిగేవి. ఏ కాలయాత్రికుడైనా ముడుమాల్‌లో దిగి తాను ఏ కాలంలో ఉన్నాడో తెలుసుకోవాలంటే తల ఎత్తితే చాలు.

ఎండాకాలం రాత్రి మిద్దె మీద పండుకొని సప్తర్షి మండలాన్ని మీరూ చూడండి. ముసలమ్మ మంచం అని పెద్దవాళ్లు చూపించేది దీన్నే. ఏడు చుక్కలు ఒక్కసారే కనిపిస్తాయి గానీ ఏడూ ఒక్క కాలానివి కావు. మంచానికి ఒక కోడైన క్రతువు సుమారు 123 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడి నుంచి ఇవాళ మన కంటికి చేరిన వెలుగు, హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టిన 1901 ప్రాంతంలో బయల్దేరింది. తోక కొసన ఉన్న మరీచి 104 కాంతి సంవత్సరాల దూరం. ఆ వెలుగు ఆంధ్ర జనసంఘం పుట్టిన 1921 నాటిది. నడుమనున్న అయిదూ, పులహ, పులస్త్య, అత్రి, అంగిరస, వసిష్ఠ, ఒక్క గుంపుగా కలిసి సాగుతున్న చుక్కలు. అన్నీ 80 కాంతి సంవత్సరాలకు అటూఇటూ ఉన్నాయి. భువనగిరిలో 1944లో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగినప్పుడు, ఆ కాస్త ముందువెనకల్లో బయల్దేరిన వెలుగు అది. అక్కడెవరైనా ఉండి, వాళ్లకు అంత పెద్ద దుర్భిణి ఉంటే, ఈ రాత్రి వాళ్లకు కనిపించేది మనం కాదు. ఆనాటి నల్లగొండ జిల్లా.

వసిష్ఠుని పక్కనే మినుకుమినుకుమనే చిన్న చుక్క అరుంధతి. పెళ్లిలో పంతులు కొత్త జంటకు చూపించమనేది దాన్నే. దాని దూరం కూడా 80 చిల్లర కాంతి సంవత్సరాలే. హోటల్లో తాత ప్రశ్న అడిగిన ఆ పిలగాడు రేపు పెళ్లిపీటల మీద నుంచి లేచి, పెళ్లికూతురి చెయ్యి పట్టుకొని ఉత్తరానికి వేలు చూపించినప్పుడు, వాళ్ల కళ్లలో పడే వెలుగు తాత తన పెళ్లినాడు ఇదే దిక్కుకు వేలు చూపించిన రోజుల్లో అక్కడ బయల్దేరింది. ఆ రాత్రి అరుంధతి నుంచి బయల్దేరే వెలుగు వీళ్ల మనవడి పెళ్లికి చేరుతుంది.