వయోజన విద్యలో బహుమాధ్యమ బోధనోపకరణాలు

వయోజన విద్యలో బహుమాధ్యమ బోధనోపకరణాలు అనగా పదిహేనేళ్లు నిండి, బడి చదువుకు దూరమైన అభ్యాసకుల కొరకు అక్షరం, చిత్రం, ధ్వని, చలనచిత్రం మొదలైన మాధ్యమాలలో ఒకటికి మించినవాటిని కలిపి తయారుచేసే పాఠ్యసామగ్రి. వాడుకలో వీటిని మల్టీమీడియా పాఠాలు అంటారు. గోడపటాలు, ఫ్లాష్ కార్డులు, రేడియో పాఠాలు మొదలుకొని కంప్యూటరు, సెల్‌ఫోను పాఠాల వరకు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. తెలుగునాట ఈ ప్రయత్నాలకు అర్ధ శతాబ్దపు చరిత్ర ఉన్నది.

విషయ సూచిక
1. ఆవశ్యకత
2. స్థానిక నేపథ్యం
3. చరిత్ర
4. కంప్యూటరు ఆధారిత అక్షరాస్యత
5. అభ్యసన శైలులు
6. తయారీ విధానం
7. తెలుగు లిపికి సంబంధించిన జాగ్రత్తలు
8. పరిమితులు
9. ఇవి కూడా చూడండి

ఆవశ్యకత

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో అక్షరాస్యత 67.02 శాతం. పురుషులలో ఇది 74.88 శాతం కాగా, స్త్రీలలో 59.15 శాతం మాత్రమే. అనగా ఏడేళ్లు నిండిన ప్రతి పదిమంది స్త్రీలలో నలుగురికి చదువు రాదు.

చదువురాని వయోజనుడు తెలివితక్కువవాడు కాడు. పంట లెక్క, వడ్డీ లెక్క, కూలి లెక్క అతడు నోటితోనే చేయగలడు. వానరాకను మబ్బును చూచి చెప్పగలడు. అతనికి లేనిది అక్షర పరిచయం మాత్రమే. అందువలన పిల్లల వాచకాన్ని అతని చేతికిచ్చి "అ అంటే అమ్మ" అని మొదలుపెట్టినపుడు అది అతనికి చిన్నతనంగా తోస్తుంది. పగలంతా పనిచేసి రాత్రి కేంద్రానికి వచ్చినవారు నాలుగు రోజులకే మానివేయడానికి అలసటతో పాటు ఈ చిన్నతనం కూడా కారణం. బోధనోపకరణం అభ్యాసకుని అనుభవాన్ని గౌరవించాలని వయోజన విద్యావేత్తలు చెప్పడం ఇందుకే.

స్థానిక నేపథ్యం

ఏర్పేడు రేణిగుంట, శ్రీకాళహస్తుల నడుమనున్న మండల కేంద్రం. పూర్వం చిత్తూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. 1926లో మలయాళ స్వామి ఇక్కడ వ్యాసాశ్రమాన్ని స్థాపించి, కులభేదం, స్త్రీపురుష భేదం లేకుండా సంస్కృతాన్ని, వేదాంతాన్ని బోధించే ఏర్పాటు చేశారు. చదువు కొందరి సొత్తు అని భావించే కాలంలో అది సాహసమైన పని. 2015లో ప్రారంభమైన తిరుపతి ఐఐటీ, ఐసర్ సంస్థల శాశ్వత ప్రాంగణాలు కూడా ఈ మండలంలోనే ఉన్నాయి.

పొరుగున ఉన్న శ్రీకాళహస్తి కలంకారీకి ప్రసిద్ధి. వరుస గడులలో రామాయణ, భారత కథా ఘట్టాలను చిత్రించి, వాటి వెంట తెలుగులో వివరణ వ్రాసే వస్త్రాలు ఇక్కడ తయారవుతాయి. బొమ్మను చూపుతూ కథ చెప్పడం, బొమ్మ పక్కన అక్షరం ఉంచడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. తోలుబొమ్మలాట, హరికథ, వీథినాటకం కూడా చూపునూ వినికిడినీ కలిపిన బోధనా సాధనాలే.

చరిత్ర

* 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్) ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, విద్యలపై కార్యక్రమాలు ప్రసారమైనవి. ఆ రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్ ఒకటి.
* 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ ప్రారంభమైనవి. మిషన్ రూపొందించిన మూడు వాచకాల పద్ధతిలో చదవడం, వ్రాయడం, లెక్కలు నేర్చుకొనుటకు సుమారు 200 గంటలు పట్టేది.
* 1990ల ఆరంభంలో చిత్తూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం "అక్షర తపస్మాన్" పేరుతో జరిగినది. ఆ కాలపు ఉద్యమాలలో కళాజాతాలు, పాటలు, గోడ వ్రాతలు వాచకంతో సమానమైన స్థానం పొందినవి.
* నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతులు ఒక సామాజిక ఉద్యమానికే దారితీసినవి. సారా వలన కుటుంబం పడే బాధలను తెలిపే పాఠాన్ని చదివి, నాటికలు చూచి, తమ బ్రతుకునే అందులో గుర్తించిన స్త్రీలు 1992లో దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించారు. ఉద్యమం ఇతర జిల్లాలకు వ్యాపించగా ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుండి సారాను నిషేధించినది.
* 2009 సెప్టెంబరు 8న ప్రారంభమైన సాక్షర భారత్ 2018 మార్చి వరకు నడచినది. 2022–27 కాలానికి "ఉల్లాస్" పేరిట నవభారత సాక్షరతా కార్యక్రమం రూపొందినది. ఇందులో పాఠాలు సెల్‌ఫోను ద్వారా కూడా అందుతాయి.

దూబగుంట ఉదంతం బోధనోపకరణాలు తయారుచేసేవారికి ఒక ముఖ్యమైన పాఠం. అక్కడ ఖరీదైన యంత్రమేదీ లేదు. పాఠంలోని విషయం అభ్యాసకుల జీవితానికి సంబంధించినది కావడమే దాని బలం.

కంప్యూటరు ఆధారిత అక్షరాస్యత

కంప్యూటరును వయోజన అక్షరాస్యతకు వాడిన తొలి ప్రయత్నాలలో ఒకటి తెలుగులోనే జరిగినది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థకు చెందిన ఎఫ్.సి. కోహ్లీ ప్రోత్సాహంతో 2000లో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో ఈ పద్ధతిని మొదట పరీక్షించారు. జాతీయ సాక్షరతా మిషన్ వాచకాలనే ఆధారంగా చేసుకొని, వాటిలోని పదాలకు కదిలే బొమ్మలను, ఉచ్చారణను జోడించారు.

ఈ పద్ధతిలో అభ్యాసకుడు అక్షరమాలతో మొదలుపెట్టడు. తనకు తెలిసిన పదాన్ని బొమ్మతో సహా తెరపై చూస్తాడు, దాని పలుకు వింటాడు. తరువాత పదం అక్షరాలుగా విడిపోవడం, ఆ అక్షరాలే మరొక పదంలో కలవడం చూస్తాడు. సుమారు 40 గంటలలో కొన్ని వందల పదాలను గుర్తించి, సులభమైన వార్తలను చదవగలగడం లక్ష్యం. పాఠం కంప్యూటరులో ఉన్నందువలన శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు లేనిచోట కూడా చదువుకున్న గ్రామ యువతీయువకులు తరగతిని నడుపగలిగేవారు. కార్యాలయాలలో పక్కన పెట్టిన పాత కంప్యూటర్లు కూడా ఇందుకు సరిపోయేవి. తరువాత ఈ పద్ధతిని ఇతర భారతీయ భాషలకు విస్తరించారు.

ఇందులో చదవడానికే ప్రాధాన్యం. వ్రాయడం వేరుగా నేర్పవలసి ఉంటుంది. వేలిముద్ర వేసే వ్యక్తికి తొలి కోరిక సాధారణంగా సంతకం చేయడమే గనుక, పలక, పుస్తకం ఈ పద్ధతిలో కూడా అవసరమే.

అభ్యసన శైలులు

కొందరు చూచి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారని, ఎవరి శైలికి తగినట్లు వారికి బోధించాలని ఒక వాదం బహుళ ప్రచారంలో ఉన్నది. డేవిడ్ కోల్బ్ 1984లో అనుభవంపై ఆధారపడిన శైలులను వివరించాడు. నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్ 1992లో చూచుట, వినుట, చదువుట-వ్రాయుట, చేయుట అనే నాలుగు విధాలను ప్రతిపాదించారు.

ఈ వాదంపై బలమైన విమర్శ కూడా ఉన్నది. హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనోవైజ్ఞానికులు 2008లో అప్పటివరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, ఎవరి శైలికి తగినట్లు వారికి బోధిస్తే ఫలితం మెరుగవుతుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. మనుషులకు ఇష్టాయిష్టాలు ఉండే మాట నిజమే. కాని ఇష్టమైన పద్ధతి, నేర్పే పద్ధతి ఒకటే కానక్కరలేదు. ఈతను బొమ్మలో చూచి నేర్వలేము, పాటను వినకుండా నేర్వలేము. మాధ్యమాన్ని నిర్ణయించేది ప్రధానంగా నేర్వవలసిన విషయమే.

అలాగని బహుమాధ్యమ పాఠం వృథా కాదు. మాట, బొమ్మ కలిసినపుడు జ్ఞాపకం బలపడుతుందని ఆలన్ పైవియో 1971లో ప్రతిపాదించాడు. రిచర్డ్ మేయర్ ప్రయోగాలు కూడా దీనిని బలపరచినవి. కనుక "ఈమె వినే రకం, ఆమె చూచే రకం" అని తరగతిని విభజించుట కంటె, అందరికీ ఒకే విషయాన్ని చూపించి, వినిపించి, చేయించుట మేలు.

వయోజనుల మధ్య నిజంగా గమనించవలసిన భేదాలు వేరే ఉన్నాయి. అవి చూపు, వినికిడి, మాతృభాష, పూర్వపు చదువు, తీరిక. నలభై దాటినవారిలో చత్వారం సాధారణం. అక్షరం మసకగా కనిపించే వ్యక్తి "నాకు బుర్రకెక్కదు" అని తనను తాను నిందించుకొని చదువు మానవచ్చు. అటువంటివారికి పాఠం మార్చడం కంటె ముందు కళ్లజోడు ఇప్పించడం అవసరం.

తయారీ విధానం

1. అభ్యాసకులను తెలుసుకొనుట: వారికి చదువు ఎక్కడ అవసరమో ముందుగా గుర్తించాలి. బస్సు బోర్డు, బ్యాంకు పాసుపుస్తకం, పాల కేంద్రం చీటీ, ఉపాధి హామీ కార్డు, మందు సీసాపై తేదీ వంటివి.

2. పదాల ఎంపిక: బ్రెజిల్ దేశపు విద్యావేత్త పావులో ఫ్రెయిరే 1960లలో అభ్యాసకుల జీవితంలోని కొన్ని పదాలను ఎన్నుకొని, వాటి చిత్రాలను తెరపై చూపి, చర్చ జరిపి, ఆ పదాల నుండి అక్షరాలు నేర్పేవాడు. ఏర్పేడులో బస్సు ఎక్కే వ్యక్తికి "తిరుపతి" అటువంటి పదం. ఇందులో త, ర, ప అనే మూడు హల్లులు, గుడి, కొమ్ము ఉన్నాయి. దీర్ఘం, గుడిదీర్ఘం నేర్పిన వెంటనే తాత, పాత, రాత, తీపి అనే మాటలు అవే హల్లులతో వస్తాయి. "శ్రీకాళహస్తి"లో రెండు వత్తులు ఉన్నవి గనుక దానిని తరువాతి పాఠానికి ఉంచాలి.

3. భాష: వాచకంలో "వేరుశనగ" అని ఉంటే ఈ ప్రాంతపు అభ్యాసకురాలు బొమ్మను చూచి "శెనక్కాయ" అంటుంది. అది తప్పు అని చెప్పరాదు. ఇంటిమాటతో మొదలుపెట్టి గ్రంథపు మాటను తరువాత పరిచయం చేయాలి.

4. చిత్రం, ధ్వని: ఒక తెరపై ఒకే విషయం ఉండాలి. అక్షరం పెద్దదిగా, వెనుక రంగు తేలికగా ఉండాలి. స్వరం స్పష్టంగా, నిదానంగా ఉండాలి. వెనుక సంగీతం వినిపించరాదు.

5. అక్షరం, పలుకు కలయిక: మాటలు వినిపిస్తూ అవే మాటలను తెరపై వ్రాయడం చదువుకున్నవారికి భారమని మేయర్ అంటాడు. అక్షరాలు నేర్చుకొనేవారికి ఇది వర్తించదు, ఎందుకంటే వారు నేర్వవలసినదే ఆ వ్రాత. సినిమా పాటల క్రింద అదే భాషలో సాహిత్యం చూపి చదివే అలవాటు పెంచాలని బ్రిజ్ కొఠారీ 1996లో ప్రతిపాదించాడు. 2002లో దూరదర్శన్ "చిత్రహార్"లో ఇది అమలైనది.

6. పరీక్ష, సవరణ: నలుగురైదుగురు అభ్యాసకులకు చూపి, వారు ఎక్కడ ఆగుతున్నారో గమనించి సవరించాలి. "అర్థమైనదా" అని అడిగితే వయోజనులు మొగమాటంతో అవునంటారు. కాబట్టి చదివించి చూడాలి.

తెలుగు లిపికి సంబంధించిన జాగ్రత్తలు

ప-ష, వ-మ, బ-భ వంటి అక్షరాలు కొత్తవారికి ఒకే రీతిగా కనిపిస్తాయి. వీటిని ఒకే పాఠంలో ప్రవేశపెట్టరాదు. త, న, మ, య, ర, ల ల వత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు గనుక వాటిని పదాలతో పాటుగా నేర్పాలి. అక్షరం వ్రాసే క్రమాన్ని చూపడంలో కదిలే బొమ్మ అచ్చు పుస్తకం కంటె ఉపయోగకరం.

పాఠాన్ని యూనికోడ్ లిపిలోనే తయారుచేయాలి. పాత ఫాంట్లలో వ్రాసిన పాఠాలు ఆ ఫాంటు లేని యంత్రాలలో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. అడోబ్ సంస్థ ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆపివేసినందున, ఆ పద్ధతిలో తయారైన పాఠాలు అనేకం నేటి కంప్యూటర్లలో నడవవు.

పరిమితులు

విద్యుత్తు కోత, సిగ్నలు లేమి, ఇంటిలోని ఒక్క ఫోను పిల్లల చేతిలోనో పురుషుల చేతిలోనో ఉండడం వంటి ఆటంకాలు ఉన్నాయి. అందువలన ప్రతి పాఠానికీ అచ్చు రూపం, అట్టముక్కల రూపం కూడా ఉండాలి. నేర్చినది వాడకపోతే కొద్ది కాలంలోనే మరుపు వస్తుంది. తరగతి ముగిసిన తరువాత చదవడానికి పెద్ద అక్షరాల పుస్తకాలు, గోడపత్రికలు అందుబాటులో ఉండాలి. యంత్రం ఎన్నిసార్లయినా విసుగు లేకుండా చెప్పగలదు. కాని నిన్న రాని అభ్యాసకురాలి ఇంటికి వెళ్లి ఎందుకు రాలేదని అడగవలసినది తోటి మనిషే.

ఇవి కూడా చూడండి

* ఏర్పేడు
* వ్యాసాశ్రమం
* మలయాళ స్వామి
* సారా వ్యతిరేకోద్యమం
* కలంకారీ
* అక్షరాస్యత