పినాంగులో ఒక వానరోజు

తెల్లవారి లేచి కిటికీ తెర తొలగించి చూద్దును గదా, పినాంగు లేదు. ఆకాశం లేదు, సముద్రమూ లేదు. అద్దం మీద ధారలు కట్టి వాన. ఓడ మాత్రం రేవులో ఆగి ఉన్నదని ఇంజను చప్పుడు తగ్గడాన్ని బట్టి తెలిసింది.

సింగపూరులో మా అబ్బాయి ఉద్యోగం. అక్టోబరులో మేము చూడబోయినప్పుడు, నాలుగు రోజులు తిరిగి వచ్చే విహార నౌకకు మా ముగ్గురికీ టిక్కెట్లు కొన్నాడు. ముగ్గురంటే మావారు, నేను, ఎనభై అయిదేళ్ళ మా అత్తగారు. "పెద్దావిడకు ఓడ ప్రయాణమెందుకురా?" అని నేను అన్నాను. ఓడ పినాంగులో ఒక పగలు ఆగుతుందని తెలిసిన తరువాత ఆవిడను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

మైకులో చెబుతున్నారు: ఒడ్డుకు దిగదలచినవారు సాయంకాలం 5 గంటలలోగా తిరిగి రావలెననీ, రానివారి కోసం ఓడ ఆగదనీ. దిగేవారే కనుపించలేదు. అందరూ ఫలహారశాలలో ఉన్నారు. మావారు కూడా రెండవసారి ఇడ్లీ వడ్డించుకుంటూ, "ఈ వానలో ఏం చూస్తాం? కిటికీలోంచి చూస్తే చాలు" అన్నారు. అత్తగారు జవాబు చెప్పలేదు. చీర చీలమండలపైకి ఎగదోపుకుని, రబ్బరు చెప్పులు తొడుక్కుని, చేతిసంచితో తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ సంచిలో, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఒక ఉత్తరం ఉన్నదని నాకు తెలుసును.

ఆ ఉత్తరం సంగతి చెప్పాలి. అత్తగారిది శ్రీకాకుళం వైపు, కళింగపట్నానికి దగ్గర పల్లె. ఆవిడ ఉయ్యాలలో ఉండగానే, 1940లో, తండ్రి మద్రాసులో ఓడ ఎక్కి మలయా వెళ్ళాడు. తోటకూలీగా కాదు. పినాంగులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా పని దొరికిందట. ఏడాదిన్నర పాటు డబ్బూ, ఉత్తరాలూ వచ్చాయి. చివరి ఉత్తరం 1941 నవంబరుది. ఆ తరువాత ఏమీ లేదు. యుద్ధం ముగిసింది. మలయా వెళ్ళినవారు కొందరు తిరిగి వచ్చారు. ఈయన రాలేదు. అక్కడే ఎవరినో కట్టుకున్నాడని ఊళ్ళో అన్నారు. అత్తగారి తల్లి చనిపోయే దాకా బొట్టు తీయలేదు. మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా ఎలా తీస్తుంది?

చివరి ఉత్తరంలో కూతురి కోసం వ్రాసిన మాటలు నాలుగే: "అమ్మాయితో చెప్పు. ఈ ఊళ్ళో వాన ఎంత కురిసినా గొడుగు అక్కరలేదు. తడవకుండా బజారంతా తిరగవచ్చు." పిల్లను మురిపించడానికి వ్రాసిన కోతలని బంధువులు నవ్వేవారట. ఉత్తరంలో ఇదే అబద్ధమైతే తక్కినవి మాత్రం నిజమని ఏమిటి, తిరిగి వస్తానన్న మాటతో సహా? అని ఒక మేనమామ అన్నాడట. ఆ మాట అత్తగారు ఎనభై ఏళ్ళుగా మోస్తున్నారు.

ఎనిమిదింటికి ఓడ దిగి, స్వెటెన్‌హామ్ రేవు కట్టడంలో కూర్చున్నాము. ఉరుములు, ఈదురుగాలి. ఈ తీరంలో తెల్లవారుఝామున ఇలా హఠాత్తుగా వచ్చి పడే గాలివానలను నావికులు 'సుమత్రాలు' అంటారు. పడమటనున్న సుమత్రా దీవి మీదా, నడుమనున్న మలక్కా జలసంధి మీదా రాత్రివేళ కట్టిన మబ్బులు ఉదయానికి గాలితో కూడి ఇటు వస్తాయి. ఏప్రిలు నుంచి నవంబరు దాకా వీటి కాలం. గంటో రెండు గంటలో ఉండి పోతాయని ధైర్యం చెప్పారు. నాకు మాత్రం మరొక గుబులు. అత్తగారు చూడగోరిన మారియమ్మన్ గుడి మధ్యాహ్నం పన్నెండింటికి మూసి, తిరిగి సాయంత్రం తీస్తారు. అప్పటికి మా ఓడ తాడు విప్పుతూ ఉంటుంది.

పది గంటలకు వాన కొంచెం తెరిపి ఇచ్చింది. బయటకు రాగానే ఎదురుగా తెల్లని గడియార స్తంభం. విక్టోరియా రాణి ఏలుబడికి 60 ఏళ్ళు నిండినందుకు 1897లో ఒక చైనా ధనికుడు కట్టించ తలపెట్టినది. ఏడాదికొక అడుగు చొప్పున 60 అడుగుల ఎత్తు. కొంచెం ఒరిగినట్లు కనిపిస్తుంది. యుద్ధకాలపు బాంబుల అదురుకని చెబుతారు. ఆ పక్కనే కారన్‌వాలిస్ కోట. మన జిల్లాలకు జమీందారీ శిస్తులు తగిలించిన శాశ్వత బందోబస్తు కారన్‌వాలిస్ పేరే అది. 1786లో ఫ్రాన్సిస్ లైటు అనే వర్తకుడు కెడా సుల్తాను దగ్గర ఈ దీవిని కుంపిణీకి సంపాదించి పెట్టాడు. శత్రువుల నుంచి రక్షణ ఇస్తారని సుల్తాను ఆశ. కుంపిణీ ఆ మాట నిలుపుకోలేదు. 1791లో ఆయన దీవిని తిరిగి తీసుకోబోయి ఓడిపోయాడు. అడవి నరికించడానికి లైటు ఫిరంగిలో వెండి నాణాలు కూరి పొదలలోకి పేల్పించాడని ఒక కథ కూడా ఉంది. అన్నట్లు 'పినాంగ్' అంటే మలయా భాషలో వక్క. అంటే ఇది వక్కల దీవి. ఆ మాట చెప్పగానే అత్తగారు సంచిలోని వక్కపొడి డబ్బీ తడుముకున్నారు.

ఈ ఊరి రిక్షా మన రిక్షాకు తలక్రిందులు. ఎక్కినవారు ముందు కూర్చుంటారు, తొక్కేవాడు వెనుక. అత్తగారిని కూర్చోబెట్టి మీద ప్లాస్టిక్ తెర కప్పి, మేమిద్దరం గొడుగుతో పక్కన నడిచాము. రెండు వందల గజాలు పోయేసరికి వాన మళ్ళీ కుండపోతగా అందుకుంది. మావారి గొడుగు వెనక్కు తిరగబడి తామరపువ్వయి కూర్చుంది. బీచి వీధిలో నీళ్ళు చక్రాలదాకా వచ్చాయి. ఒకప్పుడు సముద్రం ఆ వీధి అంచునే ఉండేదట. ఆనాడు మళ్ళీ వచ్చిందేమో అనిపించింది. రిక్షా వృద్ధుడు బండి ఆపి, దుకాణాల వైపు చేయి చూపి, "కాకి లీమా! కాకి లీమా!" అన్నాడు.

"కాకి ఏమిటే?" అన్నారు అత్తగారు, ఆకాశంలోకి చూస్తూ.

కాకి కాదు. మలయా భాషలో 'కాకి' అంటే అడుగు, 'లీమా' అంటే అయిదు. అయిదడుగుల దారి! ఆవిడను దింపి మెట్టు ఎక్కించాము. అప్పుడు చూశాము.

ఆ వీధిలో ప్రతి దుకాణమూ కింద అంగడి, పైన ఇల్లు. పై అంతస్తు ముందుకు వచ్చి స్తంభాల మీద నిలిచి ఉంది. దాని కింద అరుగు. ఈ దుకాణం అరుగు పక్క దుకాణం అరుగుతో, అది ఆ పక్క దానితో కలిసిపోయి, వీధి చివరిదాకా కప్పు ఉన్న బాట. 1822లో సింగపూరు పట్టణానికి ప్రణాళిక వేయించినప్పుడు, ప్రతి ఇంటి ముందూ అందరూ నడిచేందుకు ఇటువంటి వసారా విడవాలని రాఫిల్స్ ఉత్తరువు చేశాడు. ఆ పద్ధతే ఈ జలసంధి ఊళ్ళన్నిటిలోనూ పాకింది. ఎండకు ఎండకుండా, వానకు తడవకుండా కొనేవారు తిరిగితేనే బేరం. పాత దుకాణాలూ, ఈ వసారాలూ చెడకుండా మిగిలినందుకే పినాంగులోని ఈ జార్జి టౌనునూ, మలక్కానూ కలిపి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చింది.

బయట రోడ్డు మీద ఏరు పారుతోంది. మేము పొడిగా నడుస్తున్నాము. కొన్నిచోట్ల మోటారు సైకిళ్ళు, బియ్యం బస్తాలు అడ్డం, ఒక దుకాణానికీ మరొకదానికీ మధ్య జానెడు ఎత్తు తేడా. నేను చేయి పట్టుకోబోతే అత్తగారు వద్దన్నారు. ఒక స్తంభం పట్టుకుని నిలబడి, చేయి చాపి చూరునీళ్ళలో పెట్టారు. వెనక్కు తీసుకుని తన చీర కొంగు తడిమి చూసుకున్నారు. పొడిగా ఉంది.

"మా నాన్న అబద్ధం చెప్పలేదు" అన్నారు.

మావారు విరిగిన గొడుగును అక్కడే గోడకు ఆనించి వచ్చేశారు. ఆ తరువాత ఓడ మాట ఎత్తలేదు.

బీచి వీధి నుంచి మార్కెట్ వీధికి మళ్ళితే మద్రాసులో పడ్డట్లే. మల్లెపూలు, పట్టుచీరలు, వేడి వడలు, పాటల హోరు. ఈ వీధి అరుగు మీదనే ఆయన తానులు విప్పి చూపేవాడేమో. దుకాణం పేరు ఉత్తరంలో చెరిగిపోయింది. ఎవరినీ అడగడానికి ఆధారం లేదు. పన్నెండుకు ఇరవై నిమిషాలు ఉండగా క్వీన్ వీధిలో గుడి చేరుకున్నాము. 1833లో వెలసిన శ్రీ మహామారియమ్మన్ ఆలయం. దీవిలో హిందువుల గుళ్ళలో ఇదే పాతది.

తమిళ పూజారి అర్చనకు పళ్ళెం అందుకుని, "పేరు? నక్షత్రం?" అన్నాడు. అత్తగారు నోరు తెరిచి ఆగిపోయారు. ఉన్నవారికి అర్చన ఒకలాగ, పోయినవారికి చేసేది ఇంకొకలాగ. ఆ ప్రశ్నకు వాళ్ళ ఇంట్లో ఎన్నడూ జవాబు దొరకలేదు. చివరకు, "దీపం పెట్టించు అమ్మాయ్. దీపమైతే ఎవరికైనా పెట్టవచ్చు" అన్నారు. పేరు మాత్రం గట్టిగా, ఇంటిపేరుతో సహా, గర్భగుడి దాకా వినబడేట్లు చెప్పారు. మేము గడప దాటగానే వెనుక తలుపులు వేశారు.

పక్క వీధిలోనే 1801లో నెలకొల్పిన కపితాన్ కెలింగ్ మసీదు. దక్షిణాది ముస్లిం వర్తకుల నాయకుడు కాదర్ మొహిద్దీను కట్టించినది. ఈ 'కెలింగ్' మాటకు మూలం మన కళింగమే. కళింగ తీరం నుంచి ఓడలలో వచ్చినవారిని మొదట అలా పిలిచి, తరువాత దక్షిణాది వారందరికీ అదే పేరు పెట్టారు. రానురాను అది తిట్టుగా మారింది. ఈనాడు అక్కడి భారతీయులు ఆ మాట వింటే నొచ్చుకుంటారు. "మా ఊరి పేరు తిట్టు ఎందుకయింది?" అన్నారు అత్తగారు. కూలీలుగా వచ్చినవారి పేరు కనుక, అని చెప్పలేక ఊరుకున్నాను. ఈ ఊళ్ళో తొలినాటి పెద్ద కట్టడాలలో మన దేశపు ఖైదీల చేత కట్టించినవీ ఉన్నాయి. మన విశాఖ, శ్రీకాకుళం వైపులవారు ఎందరో ఈ దేశపు రబ్బరు, కొబ్బరి తోటలలో ఎముకలు అరగదీసుకున్నారు.

ఒక అరుగు మీద రొట్టె, పప్పు తిని, రెండు చెంబుల మధ్య బారెడు ఎత్తున సాగదీసి పోసే టీ తాగాము. తరువాత వెల్డ్ రేవు దగ్గర చైనా వారి బల్లకట్ల ఇళ్ళు చూశాము. సముద్రంలో గుంజలు పాతి, వాటి మీద ఒక్కొక్క ఇంటిపేరు వారు ఒక్కొక్క వాడ కట్టుకున్నారు. బల్లల సందుల్లోంచి కింద నీళ్ళు కనిపిస్తాయి. మూడు గంటలకు వాన సన్నబడి, నీళ్ళ అవతల గట్టు కనిపించింది.

అక్కడ కూర్చుని ఫోనులో తేదీలు చదివి వినిపించాను. 1941 డిసెంబరు 11న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. విమానాలంటే భయం తెలియని జనం చూడడానికి వీధులలోకి వచ్చి నిలబడ్డారు. చాలామంది అలాగే పోయారు. 16వ తేదీ రాత్రి దొరలు తమవారిని మాత్రం ఓడలెక్కించి తరలించుకుపోయారు. 19న జపాను సేన దిగింది. ఆ తరువాత మలయా నుంచి వేలాది భారతీయులను సయాం-బర్మా రైలుమార్గం పనికి తోలుకుపోయారు. తిరిగి రానివారికి లెక్క లేదు. అంతలో 1942 ఏప్రిలు 6న అవే బాంబులు మన విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా పడ్డాయి. ఆ బాంబుల కబురుకు అమ్మ తనను ఎత్తుకుని పొలాలకు పరుగెత్తిందని అత్తగారు చెబుతుండేవారు.

ఉత్తరం తేదీ నవంబరు. బాంబులు డిసెంబరు. అత్తగారు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. ఏమయినాడో ఇప్పటికీ తెలియదు. ఎవరినో కట్టుకుని ఉంటే ఉండవచ్చును కూడా. ఆ మాటే అన్నాను. "ఉండనీ. బ్రతికి ఉంటే మంచిదే" అన్నారావిడ.

నాలుగున్నరకు ఓడ మెట్లెక్కాము. పైకి పోయేసరికి మబ్బు విడి, కొండా, గడియార స్తంభమూ, ఎర్ర పెంకుల ఇళ్ళూ కడిగినట్లు మెరుస్తున్నాయి. పొద్దుటినుంచీ ఓడలోనే ఉండిపోయిన ఒక పెద్దమనిషి, "అయ్యో, రోజంతా వాన పాలు! ఇప్పుడు కాచింది చూశారా ఎండ? మీకు అదృష్టం లేదు" అని జాలిపడ్డాడు.

అత్తగారు ఉత్తరాన్ని మళ్ళీ ప్లాస్టిక్ కాగితంలో చుట్టుకుంటున్నారు. "ఎండ కాసి ఉంటే రోడ్డు మీదనే నడిచిపోయేవాళ్ళం బాబూ" అన్నారు.