లెస్, ఫ్యూవర్: ఏది లెస్స?

2008లో బ్రిటన్‌లోని టెస్కో సూపర్‌మార్కెట్లకు ఒక బోర్డుతో తలనొప్పి వచ్చింది. కొద్ది సరుకులే కొన్నవాళ్లు త్వరగా బిల్లు కట్టి వెళ్లే వరుస దగ్గర ‘టెన్ ఐటమ్స్ ఆర్ లెస్’ అని ఉండేది. లెక్కపెట్టే వస్తువులకు ‘లెస్’ ఏమిటి, ‘ఫ్యూవర్’ అనాలి కదా అని వ్యాకరణప్రియుల అభ్యంతరం. టెస్కో రెండింటి జోలికీ పోలేదు. ‘అప్ టు టెన్ ఐటమ్స్’ అని మార్చి గొడవ వదిలించుకుంది.

బడిలో చెప్పే సూత్రం చిన్నదే. లెక్కకు వచ్చేవాటికి ఫ్యూవర్, రానివాటికి లెస్: ఫ్యూవర్ కార్స్, లెస్ ట్రాఫిక్.

ఈ తేడా తెలుగువాళ్లకు కొత్త కాదు. ‘ఎన్ని కార్లు’, ‘ఎంత ట్రాఫిక్’ అని విడివిడిగానే అడుగుతారు. మనుషులకైతే ‘ఎంతమంది’ అనే మూడో మాట కూడా ఉంది. తీరా జవాబు దగ్గరికొచ్చేసరికి అన్నిటికీ ‘తక్కువ’ ఒక్కటే. ‘ఎన్ని’ అయితే ఫ్యూవర్, ‘ఎంత’ అయితే లెస్ అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు గట్టెక్కవచ్చు, వంటింట్లో తప్ప. నీళ్లు, పాలు, బియ్యం తెలుగులో బహువచనాలు. ‘బియ్యం ఎన్ని పోయాలి?’ అని అడిగే నోటికి ‘ఫ్యూవర్ రైస్’ అనాలనిపించడం సహజమే. ఇంగ్లీషులో మాత్రం అది లెస్ రైసే.

నిజానికి ఈ సూత్రానికి మరీ పాత చరిత్రేమీ లేదు. తొమ్మిదో శతాబ్దపు ఆల్ఫ్రెడ్ రాజు రచనలోనే లెక్కపెట్టేవాటికి ‘లెస్’ పాత రూపం కనిపిస్తుంది. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన కొన్నిచోట్ల ఫ్యూవర్ ఉంటే సొగసుగా ఉంటుందని రాశాడు. అది ఆయన అభిరుచి మాత్రమే. తరవాతివాళ్లు దాన్ని శాసనం చేశారు. ‘మోర్’ విషయంలో ఈ పట్టింపు లేదు. ఒకప్పుడు లెక్కకు ‘మో’, పరిమాణానికి ‘మోర్’ వేరుగా ఉండేవి. ‘మో’ కనుమరుగైపోయినా ఇప్పుడెవరికీ లోటు తెలియడం లేదు.

డబ్బు, దూరం, కాలం దగ్గర సూత్రమే పక్కకు తప్పుకుంటుంది. యాభై డాలర్లయినా, పది మైళ్లయినా, రెండు వారాలయినా మొత్తంగా చూస్తారు కాబట్టి ‘లెస్ దాన్’ అనే అంటారు.

మాటల్లో ఎవరైనా ‘లెస్ కార్స్’ అంటే కొంప మునగదు. విశేషణం ముందు మాత్రం జాగ్రత్తపడాలి. ‘ఫ్యూవర్ మోడర్న్ హౌసెస్’ అంటే ఆ పేటలో ఆధునికమైన ఇళ్లు తక్కువని. ‘లెస్ మోడర్న్ హౌసెస్’ అంటే ఇళ్లు కావలసినన్ని ఉండవచ్చు, అవి అంత ఆధునికమైనవి కావని.