కడలి దాటిన కొలువు: చట్టం ఎంతవరకు వెంట వస్తుంది?

మధ్య అండమాన్ దీవిలోని రంగత్‌కు బదిలీ అయిన ప్రభుత్వోద్యోగి బంగాళాఖాతాన్ని దాటి వెళ్ళవలసిందే. ఓడలోనో విమానంలోనో ముందు శ్రీవిజయపురం చేరాలి. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన నగరమే అది. అక్కడినుండి రంగత్ సుమారు 170 కిలోమీటర్లు. ఇంత ప్రయాణం చేసినా అతడు స్వదేశంలోనే ఉన్నాడు. 1956 నుండి కేంద్రపాలిత ప్రాంతమైన ఈ దీవుల వ్యాజ్యాలు కలకత్తా హైకోర్టు పరిధిలోనివి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు.

ఉత్తర అండమాన్ కొసన ఒక జలసంధికి ఆవల కోకో దీవులున్నాయి. అవి మయన్మార్‌కు చెందినవి. అక్కడ అడుగిడితే అదే ఉద్యోగి పరదేశి. చట్టం చూసేది దూరాన్ని కాదు, సార్వభౌమాధికారాన్ని.

అతడిని మయన్మార్‌లోని భారత రాయబార కార్యాలయానికి పంపారనుకుందాం. ఆ భవనం భారతభూమిలో భాగమని చాలామంది నమ్మకం. అది పొరపాటు. నేల ఆతిథ్య దేశానిదే. అయితే అనుమతి లేనిదే ఆ దేశపు పోలీసులు లోపలికి ప్రవేశించరాదు.

ఉద్యోగికి లభించే రక్షణ అతడి హోదాను బట్టి మారుతుంది. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం దౌత్యాధికారిని అరెస్టు చేయరాదు. గుమాస్తాలు, సాంకేతిక సిబ్బందికి క్రిమినల్ కేసుల నుండి రక్షణ ఉన్నది కాని, సివిల్ దావాలలో అది విధినిర్వహణకే పరిమితం. డ్రైవరు, వంటవాడు వంటి సేవక సిబ్బందికి విధినిర్వహణలో చేసిన పనులకే రక్షణ. రాయబార సిబ్బందిలో చేరక, కేవలం ఏదో నిర్మాణ పనికి వెళ్ళిన ప్రభుత్వరంగ సంస్థ ఇంజనీరుకు, ప్రత్యేక ఒప్పందం ఉంటే తప్ప, ఏ రక్షణా లేదు.

కాన్సులేటు ఉద్యోగులకు వర్తించేది 1963 నాటి మరొక ఒప్పందం. అందులో రక్షణ తక్కువ. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో భారత ఉప కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రాగడే అరెస్టయినప్పుడు ఈ తేడా లోకానికి తెలిసివచ్చింది. ఇంటి పనిమనిషి వీసా పత్రాలలో జీతం గురించి అసత్యం చెప్పారన్నది ఆరోపణ. ఆమె దానిని నిరాకరించారు. ఐక్యరాజ్యసమితిలోని భారత కార్యాలయానికి మారిన తరువాత ఆమెకు పూర్తి దౌత్య రక్షణ లభించింది. ఆ కారణంగానే 2014 మార్చిలో న్యాయమూర్తి అభియోగాన్ని కొట్టివేశారు. రెండు రోజులకే కొత్త అభియోగం దాఖలైంది.

ఈ రక్షణ వ్యక్తి సొత్తు కాదు, అతడిని పంపిన ప్రభుత్వానిది. ప్రభుత్వం తలచుకుంటే దానిని వదులుకోవచ్చు. ఆతిథ్య దేశం కూడా అతడిని అవాంఛనీయ వ్యక్తిగా ప్రకటించి, వెనక్కు పిలిపించుకొమ్మని కోరవచ్చు.

పరాయి న్యాయస్థానం తప్పినంత మాత్రాన స్వదేశ చట్టం తప్పదు. భారత పౌరుడు విదేశంలో చేసిన నేరానికి కూడా భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. లోగడ భారత శిక్షాస్మృతిలోనూ ఇదే నియమం ఉండేది. అయితే విచారణకు కేంద్రప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. అవినీతి నిరోధక చట్టం, 1964 నాటి ప్రవర్తనా నియమావళి సైతం ఉద్యోగిని వెన్నంటే ఉంటాయి.

ఆ అనుమతి దగ్గరే అసలు చిక్కు ఉన్నది. దౌత్యవేత్త కారు ఢీకొని గాయపడినవానికి, జీతం అందని పనిమనిషికి స్థానిక న్యాయస్థానం తలుపు మూసుకుపోవచ్చు. అప్పుడు వారికి మిగిలే దిక్కు ఉద్యోగిని పంపిన ప్రభుత్వమే. దేశ కార్యం నిరాటంకంగా సాగడానికి ఏర్పడిన రక్షణ, అన్యాయానికి మరుగు కారాదు. ఆ బాధ్యత పంపిన ప్రభుత్వానిదే.