అయిదొందల పౌండ్లకి ఊరంతా పంచాయితీ!

రాత్రి ఏడున్నర. ఇంగ్లండ్‌లో ఓ పల్లె. విలేజ్ హాల్లో నాలుగు బల్లలు దగ్గరికి జరిపి ఏడెనిమిది మంది కౌన్సిలర్లు కూర్చున్నారు. పక్కన కాగితాల కట్టతో క్లర్కు. వెనక కుర్చీల్లో నలుగురైదుగురు ఊరివాళ్లు. అజెండాలో గ్రాంట్ల వంతు వచ్చింది. క్రికెట్ క్లబ్బుకి గడ్డికోసే యంత్రం కావాలి. చంటిపిల్లల తల్లుల బృందానికి ఆటబొమ్మలు కావాలి. వారానికోసారి ముసలివాళ్లకు భోజనం పెట్టే బృందానికి హాలు అద్దె కావాలి. ఉన్న డబ్బు ముగ్గురికీ చాలదు. మరి ఎవరికివ్వాలి?

అక్కడి పారిష్ కౌన్సిళ్లలో తరచూ కనిపించే దృశ్యమే ఇది. పారిష్ అనగానే చర్చి గుర్తొస్తుంది కానీ, ఊరి పాలనను చర్చి చేతుల్లోంచి తప్పించి ఎన్నికైన కౌన్సిళ్లకు అప్పగించింది 1894 నాటి చట్టం. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఇలాంటివి సుమారు 10,000 ఉన్నాయి. చాలా ఊళ్లలో కౌన్సిలర్లకు జీతాలుండవు, పార్టీ జెండాలూ ఉండవు.

డబ్బెక్కడిది?

ఏడాదికి ఎంత కావాలో పారిషే తేల్చి పైనున్న కౌన్సిల్‌కి చెబుతుంది. వాళ్లు దాన్ని ఇంటిపన్నుతో కలిపి వసూలు చేసిస్తారు. దీన్నే ప్రిసెప్ట్ అంటారు. అంటే క్లబ్బుకిచ్చే ప్రతి పౌండూ పక్కింటివాళ్ల పన్నులోంచి వచ్చిందే. అందుకే అంత చర్చ!

ఇష్టమొచ్చినట్టు ఇచ్చేయడానికీ లేదు. ఏ చట్టం కింద ఇస్తున్నారో క్లర్కు చూసుకోవాలి. మరే అధికారమూ వర్తించనప్పుడు అక్కరకొచ్చేది 1972 స్థానిక పాలన చట్టంలోని 137వ సెక్షన్. దాని ప్రకారం ఖర్చు వల్ల ఊరికో, ఊళ్లో కొందరికో నేరుగా మేలు జరగాలి. ఆ మేలు ఖర్చుకు తగ్గట్టుండాలి. ఒక్క మనిషి జేబులోకి వెళ్లే సాయానికి దీన్ని వాడరు. పైగా పరిమితి ఒకటి... 2024-25లో ఓటరుకి 10.81 పౌండ్లు. వెయ్యిమంది ఓటర్లున్న ఊళ్లో ఆ ఏడాదంతటికీ 10,810 పౌండ్లు దాటకూడదన్నమాట. శిక్షణ పొందిన క్లర్కు ఉండి, కౌన్సిలర్లలో మూడింట రెండొంతుల మంది ఎన్నికైనవాళ్లయితే 2011 చట్టం కింద ఇంకాస్త స్వేచ్ఛ దొరుకుతుంది.

చర్చి కప్పు కారుతుంటే డబ్బివ్వొచ్చా అన్నది ఏళ్లతరబడి నలిగిన సందేహం. 1894 చట్టంలోని ఓ మాట పట్టుకుని చాలా కౌన్సిళ్లు వెనక్కి తగ్గేవి. 2023లో వచ్చిన మరో చట్టం ఆ ముడి విప్పింది.

మావాడే... అయినా!

అసలు చిక్కు వేరే ఉంది. చిన్న ఊరు. కౌన్సిలర్లలో ఒకాయన క్రికెట్ క్లబ్బు కోశాధికారి. ఒకామె మనవడు వెళ్లేది ఆ పిల్లల బృందానికే. సంబంధం ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఆర్థికంగా లాభముంటే చర్చలోనూ ఓటులోనూ పాల్గొనకూడదు. కేవలం సభ్యుడైతే ఆ కౌన్సిల్ నియమావళిని బట్టి ఉంటుంది. కోరం కావాలంటే మూడోవంతు సభ్యులు, ఎంత తక్కువైనా ముగ్గురు ఉండాలి. అందరూ 'మాకు సంబంధం ఉంది' అని లేచిపోతే సభే సాగదు కాబట్టి, అలాంటప్పుడు మినహాయింపు ఇచ్చే వీలూ చట్టంలో ఉంది.

దరఖాస్తుతో పాటు సాధారణంగా నిబంధనావళి, నిరుటి లెక్కలు, బ్యాంకు నిల్వ, కొనబోయే వస్తువు ధరల కొటేషన్లు అడుగుతారు. అడగడం న్యాయమే. కానీ లెక్కలు రాసిపెట్టే కోశాధికారి ఉన్న క్లబ్బుకి ఇది చిటికెలో పని. ఇళ్లలో వండి తెచ్చి వడ్డించే నలుగురు పెద్దమ్మలకి బృందం పేరిట బ్యాంకు ఖాతా తెరవడమే పెద్ద పని. అవసరం ఎక్కువున్నవాళ్ల కాగితాలే తక్కువగా ఉంటాయి. మంచి క్లర్కున్న ఊళ్లో మాత్రం గడువుకి ముందే ఫోన్ చేసి 'ఈ కాగితం తగ్గింది, పంపండి' అంటారు. ఆ ఒక్క ఫోనూ చాలాసార్లు ఫలితాన్ని మార్చేస్తుంది.

చివరికి చేతులెత్తి ఓటేస్తారు. సమానంగా చీలితే అధ్యక్షుడి అదనపు ఓటే తీర్పు. ఎవరికెంతో మినిట్స్‌లోకి ఎక్కుతుంది. 137వ సెక్షన్ కింద 2,000 పౌండ్లు, ఆపైన తీసుకున్నవాళ్లు దాన్ని ఎలా వాడారో ఏడాదిలోగా రాసివ్వాలి.

యంత్రానికి సగం, హాలు అద్దెకి మొత్తం, బొమ్మలకు 'వచ్చే సమావేశంలో చూద్దాం'... ఇలా తేలాక క్లర్కు కాగితం తిప్పుతారు. తర్వాతి అంశం: బస్టాపు దగ్గర విరిగిన బెంచీ.